మనవడి కోసం చదువు ఆపేయాలా?

బెజవాడ అమ్మమ్మ: పెళ్లితో ఇంటర్ దగ్గర ఆగిన చదువు యాభై దాటాక మళ్లీ మొదలుపెట్టాను. దూరవిద్య నేర్పే ఇగ్నో యూనివర్సిటీలో బీఏ, రెండో ఏడు. డిసెంబరులో పరీక్షలు. ఈలోగా బెంగళూరులో, మారతహళ్లిలో ఉంటున్న అమ్మాయికి బాబు పుట్టాడు. పురుడు నేనే పోశాను. అమ్మాయికి 26 వారాల ప్రసూతి సెలవు అయిపోవస్తోంది. "వాడికి మూడేళ్లొచ్చేదాకా ఉండిపో అమ్మా" అంటోంది. వియ్యపురాలికి మోకాళ్ల నొప్పులు కాబట్టి ఆవిడని ఎవరూ అడగరు. నావీ మోకాళ్లే! వాణ్ణి వదిలి వెళ్లాలంటే ప్రాణం ఒప్పుకోదు, ఉంటే పుస్తకం తెరిచే తీరిక ఉండదు. ఏం చేయమంటారు?

మహదేవపుర రావు: అమ్మా, మూడేళ్ల బీఏ పూర్తిచేయడానికి ఇగ్నో ఆరేళ్ల దాకా గడువిస్తుంది. పిల్లాడి పసితనానికి గడువు లేదు. ఎంత జీతమిచ్చినా ఆయా మీలా చూస్తుందా?

బెళ్లందూరు కోడలు: రావుగారూ, 'తర్వాత చదువుకోవచ్చులే' అనే కదా ఆవిడకి అప్పుడూ పెళ్లి చేసింది! అసలు ఇంతసేపూ బాబు తండ్రి ఊసే రాలేదు. ప్రైవేటు ఉద్యోగంలో తండ్రికి చట్టం ఒక్క రోజు సెలవు కూడా ఇవ్వదు, అందుకే అందరి చూపూ అమ్మమ్మ మీదికే పోతుంది. ప్రసూతి సెలవుల చట్టానికి 2017లో వచ్చిన సవరణ నుంచీ 50 మంది, అంతకు మించి పనిచేసే ఆఫీసులో క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలి. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చు. అమ్మాయి హెచ్‌ఆర్‌ని అడిగిందా? మా ఆఫీసులో అడిగేదాకా ఎవరూ చెప్పలేదు.

మహదేవపుర రావు: ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఆర్నెల్ల పిల్లాణ్ణి రెండు పూటలా తిప్పమంటారా?

బెళ్లందూరు కోడలు: అదీ నిజమే. ఇంటి దగ్గర డేకేర్ చూసుకోవాలి. ఖర్చే, కాదనను. అమ్మమ్మ చాకిరీకి మాత్రం ఎవరూ లెక్క కట్టరు.

బెజవాడ అమ్మమ్మ: అల్లుడుగారికి వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. నిన్న కదిపితే, "నాకు మీటింగులుంటాయి అత్తయ్యా" అన్నారు. నాకూ పాఠాలుంటాయి అన్నాను. అమ్మాయి నవ్వేసింది, ఆయన నవ్వలేదు. ప్రస్తుతానికి ఉంటాను. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా మాత్రం నా గది తలుపు వేసే ఉంటుంది. పరీక్ష సెంటరు బెంగళూరు పెట్టుకోమన్నారు, బెజవాడే పెట్టాను. ఆ నెల బాబుని ఎవరు చూసుకోవాలో వాళ్లిద్దరూ తేల్చుకుంటారు.