లౌకిక రాజ్యం అంటే దేవుడు లేని రాజ్యమా?

రాజ్యాంగ పీఠికలో 'లౌకిక' అని ఉంది కదా. దాని బదులు 'మతరహిత' అనో 'మతనిరపేక్ష' అనో అంటే అర్థం సూటిగా ఉండదా? లౌకికం అనగానే నాకు లౌక్యమే గుర్తొస్తుంది.

*

'మతరహిత' మాత్రం వద్దండీ. తెలుగులో లౌకికం ఎప్పుడూ దేవుడికి ఎదురుమాట కాదు. వైదికానికి ఎదురుమాట. పౌరోహిత్యం చేసేవాళ్లు వైదికులు, కరణీకాలూ కొలువులూ చేసే నియోగులు లౌక్యులు. లౌక్యుల ఇళ్లలోనూ సంధ్యావందనం, పూజ, తద్దినం అన్నీ ఉండేవి. తేడా అంతా చేసే పనిలోనే.

మన రాజ్యాంగమూ పనులనే విడదీసింది. 'సెక్యులర్' పీఠికలోకి 1976లో 42వ సవరణతో వచ్చింది నిజమే. కానీ 25వ అధికరణంలో ఆ మాట మొదటి నుంచీ ఉంది. మతాచారంతో ముడిపడ్డ ఆర్థిక, రాజకీయ, ఇతర లౌకిక వ్యవహారాలను ప్రభుత్వం నియంత్రించవచ్చని అక్కడ రాసి ఉంది. మన దేవాదాయ శాఖకు ఆధారం ఇదే. హుండీ లెక్క, మాన్యాల కౌలు, ఈవో నియామకం లౌకికం. పూజ ఏ ఆగమం ప్రకారం జరగాలన్నది కాదు. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కులను, మిరాశీలను రద్దు చేస్తే వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అర్చకుణ్ణి నియమించడం లౌకికం, ఆయన చేసే పూజ మతం అని 1996లో కోర్టు తేల్చింది. తీర్పు నచ్చినా నచ్చకపోయినా, 'మతరహిత' అన్న మాటతో దాన్ని చెప్పి చూడండి, కుదరదు.

*

మరి ప్రభుత్వం ఏ మతం వైపూ మొగ్గకూడదన్న సంగతి ఈ మాటలో ఎక్కడుంది?

*

ఈ మాటలో లేదు. 27, 28 అధికరణాల్లో ఉంది. ఫలానా మతాన్ని పెంచి పోషించడానికి పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదు. ఇక్కడ 'మతనిరపేక్ష' చక్కగా అతుకుతుంది. హిందీ పీఠికలో 'పంథ్‌నిరపేక్ష' అనే పెట్టారు. కానీ ఆ ఒక్క మాటే పట్టుకుంటే, గుడి మాన్యం ఎవరో కబ్జా చేసినప్పుడు ప్రభుత్వానికి అక్కడేం పని అని అడుగుతారు. వక్ఫ్ భూముల విషయంలోనూ అంతే. అందుకే నా ఓటు 'లౌకిక'కే. పిల్లలకు చెప్పేటప్పుడు దాని పక్కన 'పారలౌకిక' పెట్టి చెబితే గుడికీ మసీదుకీ చర్చికీ ఒకేలా సరిపోతుంది.