గొంతు మారుతున్న పిల్లాడికి ‘శివశంకరీ’ ఏ శ్రుతిలో పాడించాలి?

మాది హన్మకొండ. మా బాబుకు 13 ఏళ్లు. వినాయక చవితికి మా గల్లీ మండపంలో ‘జగదేకవీరుని కథ’ (1961)లోని ఘంటసాల గారి ‘శివశంకరీ’ మొత్తం పాడిండు. కళ్లు మూసుకుని, తొడ మీద తాళం వేసుకుంటూ దర్బారీ కానడ రాగంలోని గాంధారాన్ని (‘గ’ స్వరాన్ని) మెల్లగా ఊపుతుంటే నేను చప్పట్లు కొట్టుడు కూడా మర్చిపోయిన. వాళ్ల నాయనమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

ఇప్పుడేమో గొంతు మారుతున్నది. చివర్ల స్వరాలు పైకి పోంగనే చీలిపోతున్నది. పాపం, రెండు రోజులైంది తంబూరా యాప్ ముట్టక. దసరాకు భద్రకాళి గుడిలో పాడాలని వాని ఆశ.

సంగీతం తెలిసినవాళ్లు జర చెప్పండి. ఇన్నాళ్లూ ఐదు శ్రుతిలో (అంటే ‘స’ను G మీద పెట్టుకుని) పాడిండు, ఎంతకు దించాలె? లేకపోతే కొన్నాళ్లు పాడకుండా ఆపాల్నా? మీ పిల్లలకు ఇట్లయితే ఏం చేసిన్రు?