పాలిస్టర్ వెల్వెట్ సోఫా కవర్ మీద పెన్ను ఇంకు, టెడ్డీ బొమ్మ మీద నూనె: ఏ స్టెయిన్ రిమూవర్ వాడాలి?

వెన్నెలవాన
సోఫా కవర్ పాలిస్టర్ వెల్వెట్. దాని మీద బాల్‌పెన్ను గీత పడింది. మా బాబు టెడ్డీ బొమ్మ పొట్ట మీద నూనె మరక ఉంది. ఈ స్ప్రే స్టెయిన్ రిమూవర్లు అసలు మరక మీద ఎలా పనిచేస్తాయి? మెత్తటి సింథటిక్ బట్ట పాడవుతుందా? రెండింటికీ ఒకటే సరిపోతుందా? బాబు ఆ బొమ్మ చెవి నోట్లో పెట్టుకుంటాడు, నా టెన్షన్ అంతా అదే. తెలిసినవాళ్లు చెప్పండి.

నురగరాజు
నూనె సంగతి నాకు వదిలేయండి. పాలిస్టర్‌కి నీళ్లంటే పడదు, నూనె అంటే ప్రాణం. అందుకే నూటికి నూరు పాళ్లు కాటన్ చొక్కా మీద ఒక్క ఉతుకుకు పోయే జిడ్డు పాలిస్టర్ మీద మొండికేస్తుంది. మరక తడవకముందే, పొడిగా ఉన్నప్పుడే గిన్నెలు తోమే లిక్విడ్ రాసి వేలితో మెల్లగా రుద్ది కాసేపు వదిలేయాలి. అందులోని సర్ఫాక్టెంట్ ఒక కొసతో నూనెను, ఇంకో కొసతో నీళ్లను పట్టుకుంటుంది. తర్వాత గోరువెచ్చటి నీళ్లు. మరక పూర్తిగా పోయిందని తేలేదాకా డ్రయ్యర్ లేదు, ఇస్త్రీ లేదు. ఈ ఒక్కటి వినకపోతే ఆ మరక ఇక అక్కడే ఉంటుంది. నా జిమ్ టీషర్టులన్నీ ఇలాగే బతికాయి.

గళ్ళచొక్కా
ఇంకుకి సబ్బు పెట్టకండి, ముందు ఆల్కహాల్. 70 శాతం ఐసోప్రొపైల్ తెల్లటి గుడ్డకి అద్ది పైనుంచి ఒత్తాలి, రుద్దకూడదు. గుడ్డలోకి రంగు ఎక్కుతుంటే గుడ్డ మార్చుతూ ఉండాలి. కవర్ ఊడొస్తే లోపలివైపు నుంచి అద్దండి, ఇంకు వచ్చిన దారినే వెనక్కి పోతుంది. హెయిర్ స్ప్రే చిట్కా ఇప్పుడు ఎవరూ నమ్మొద్దు. దానిలోని జిగురు బట్ట మీద మిగిలి మట్టిని పట్టుకుంటుంది.
సోఫా కింద ట్యాగ్ చూశారా? డబ్ల్యూ అని ఉంటే నీళ్లతో చేసేవి, ఎస్ అని ఉంటే సాల్వెంట్ (మరకను కరిగించే ద్రవం) మాత్రమే, డబ్ల్యూఎస్ అయితే రెండూ. ఎక్స్ ఉంటే వాక్యూమ్ తప్ప ఏదీ తగలనివ్వకూడదు.

మెరుపుతీగ
ఇంత హడావుడి అక్కర్లేదండీ. అసిటోన్. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ఉండేదే. నా ఫ్లీస్ జాకెట్ మీద ఒలికిన నెయిల్ పాలిష్ రెండు అద్దులకే పోయింది, బట్ట చెక్కుచెదరలేదు. పాలిస్టర్‌ని అసిటోన్ ఏమీ చేయదు. సింథటిక్ దేనికైనా ఇదే నా మందు.

కుట్టుమిషను
"సింథటిక్ దేనికైనా" అన్నారు చూడండి, అక్కడే నాకు ఒళ్లు మండింది. ఇలాంటి సలహా విని ఒకావిడ తన కోటు లైనింగ్ మీద అసిటోన్ వేసి నా దగ్గరికి తెచ్చింది. ఆ చోట బట్టే లేదు, చుట్టూ గట్టిపడిన అంచు మాత్రం మిగిలింది. అది అసిటేట్ అనే వేరే రకం బట్ట. అసిటోన్‌లో కరిగిపోతుంది. చేత్తో పట్టుకుంటే పాలిస్టర్ శాటిన్‌కీ దానికీ తేడా తెలియదు.

మెరుపుతీగ
నేను పాలిస్టర్ గురించి చెప్పాను. అడిగింది కూడా పాలిస్టర్ గురించే.

కుట్టుమిషను
మీ చివరి వాక్యం మీరే మళ్లీ చదవండి. ఫేక్ ఫర్‌లో, విగ్గుల్లో ఎక్కువగా వాడే మోడాక్రిలిక్ అనే పోగు కూడా అసిటోన్‌కి పాడవుతుంది. టెడ్డీ బొమ్మ బొచ్చు దేనితో చేశారో ఆవిడకి తెలుసా? మీకు తెలుసా?

మెరుపుతీగ
నా అనుభవం నేను రాశాను. అందరూ కళ్లు మూసుకుని పోసేస్తారని ముందే అనుకుంటే ఇక ఇక్కడ ఎవరూ ఏమీ రాయకూడదు.

రంగులగిన్నె
ఏళ్ల తరబడి బట్టలకి రంగులు వేసే (డైయింగ్) ల్యాబ్‌లో పనిచేసినవాడిగా చెబుతున్నాను, ఇద్దరూ సగమే చెబుతున్నారు. పాలిస్టర్ పోగు అసిటోన్‌కి కరగదు, ఒప్పుకుంటాను. కానీ దాని రంగు సంగతి ఏమిటి? పాలిస్టర్‌కి వేసేవి డిస్పర్స్ డైలు, అంటే నీళ్లలో దాదాపు కరగని రంగులు. సాల్వెంట్ తగిలితే వాటిలో కొన్ని బయటికి లాగుకొస్తాయి. ముదురు రంగు వెల్వెట్ అయితే ఇంకు పోయిన చోట వెలిసిన మచ్చ మిగులుతుంది. ఆల్కహాల్‌తోనూ ఈ భయం కొంత ఉంది. అందుకే కుట్టు లోపల కనిపించని చోట ఒక చుక్క వేసి, తెల్ల గుడ్డతో ఒత్తి, ఆరాక చూడాలి. తడిగా ఉన్నప్పుడు చూస్తే ఏమీ తెలియదు.
లేబుల్ లేని బట్టకి కాల్చి చూడటం ఒక దారి. కుట్టు లోపలి నుంచి ఒక్క పోగు లాగి, పటకారుతో పట్టుకుని సింక్ మీద మంట దగ్గరికి తేవాలి. పాలిస్టర్ ముడుచుకుని కరిగి గట్టి నల్ల పూసలా మిగులుతుంది. అసిటేట్ కాలితే వెనిగర్ వాసన వస్తుంది.
ఇంకో మాట: బొమ్మ లోపల కొన్నిసార్లు పాలీస్టైరిన్ (థర్మాకోల్ లాంటి) గింజలు ఉంటాయి. అసిటోన్ వాటిదాకా దిగితే లోపలే కరిగి ముద్దవుతాయి.

మెరుపుతీగ
సరే, టెడ్డీకి వద్దు. ఫ్లీస్‌కి నేను మాత్రం మానను.

పాతబొమ్మలు
బొమ్మల మాట వచ్చింది కాబట్టి: మెత్తటి వినైల్ బొమ్మ ముఖం మీద ఇంకు పడితే పైన తుడవడం దండగ. మెత్తదనం కోసం కలిపే ప్లాస్టిసైజర్ వల్ల ఇంకు లోపలికి దిగిపోతుంది. దానికి 10 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ మొటిమల క్రీమ్ వాడతాం. మరక మీద మాత్రమే పల్చగా రాసి, పైన ప్లాస్టిక్ కప్పి ఎండలో పెడితే మెల్లగా వెలిసిపోతుంది. నా దగ్గర చెంప నిండా నీలం ఇంకు ఉన్న బొమ్మ ఇప్పుడు అల్మరాలో ముందు వరసలో ఉంది.

రంగులగిన్నె
అది మరకను తీయదు, రంగు అణువును విరగ్గొడుతుంది. పక్కకి పాకితే వినైల్ అసలు రంగూ పోతుంది. బట్ట మీదైతే అస్సలు వద్దు. ఆ క్రీమ్ రంగు తువ్వాళ్లను, దిండు గలీబులను ఎలా వెలిసిపోయేలా చేస్తుందో వాడినవాళ్లను అడగండి.

పాతబొమ్మలు
బట్టకి రాయమని నేను ఎక్కడా అనలేదు. మొదటి వాక్యంలోనే వినైల్ అని రాశాను.

ఉదయరాగం
మా అమ్మాయి ఈత దుస్తులకి ఎవరో బ్లీచ్ చెప్పారు. తెల్ల చారలు పసుపెక్కి, సాగే గుణం పోయి వేలాడుతున్నాయి. అప్పటి నుంచి మరక అంటేనే భయం.

గళ్ళచొక్కా
స్పాండెక్స్‌కి (ఈత దుస్తుల్లో సాగే పోగు), నైలాన్‌కి క్లోరిన్ బ్లీచ్ శత్రువు. లేబుల్ మీద ఖాళీ త్రికోణం ఉంటే ఏ బ్లీచ్ అయినా పర్వాలేదు, లోపల రెండు వాలు గీతలుంటే ఆక్సిజన్ బ్లీచ్ మాత్రమే, కొట్టేసి ఉంటే ఏదీ వద్దు. ఆక్సిజన్ బ్లీచ్ పొడి అంటే సోడియం పెర్‌కార్బొనేట్. నీళ్లలో పడగానే హైడ్రోజన్ పెరాక్సైడ్, సోడా వస్తాయి. చల్లటి నీళ్లలో బద్ధకంగా ఉంటుంది, 40 డిగ్రీలు దాటితే పని మొదలుపెడుతుంది. కలిపిన నీళ్లు సీసాలో పోసి మూత బిగించకండి, గ్యాస్ నిండి పగులుతుంది.

ఇంటిచిట్కా
అందరూ కష్టపెడుతున్నారు. నేను బ్లీచ్‌లో కాస్త వెనిగర్ కలుపుతాను, ఎంత మొండి మరకైనా పోతుంది.

ప్రాణవాయువు
దయచేసి ఆ పోస్ట్ తీసేయండి! క్లోరిన్ బ్లీచ్‌లో ఏ యాసిడ్ పడినా క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మూసిన బాత్రూంలో అలా కలిపి ఊపిరాడక ఆసుపత్రికి వెళ్లిన మనిషి మా ఇంట్లోనే ఉన్నారు. అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో కలిసినా విషవాయువే, క్లోరమైన్లు. మరక పోయిందా లేదా అన్న లెక్క తర్వాత, ముందు మనిషి ఉండాలి.

ఇంటిచిట్కా
కొంచెమే కలుపుతాను, కిటికీ తెరిచే ఉంటుంది. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు.

ప్రాణవాయువు
ఇన్నాళ్లూ ఏమీ కాలేదంటే రేపు కాదని కాదు. ఇది చదివి మూసిన గదిలో కలిపేవాళ్లకి మీరు జవాబు చెప్పగలరా? అసిటోన్ గొడవ పడుతున్నవాళ్లూ వినండి: దాని ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి వచ్చే కనీస వేడి, మైనస్ 20 డిగ్రీలు. ఆవిరి గాలి కంటే బరువు, నేల వెంట పాకి పొయ్యి దాకా వెళ్తుంది. సాల్వెంట్ పట్టించిన గుడ్డను డ్రయ్యర్‌లో వేయడం ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

వెన్నెలవాన
ఇంత రాశారు, థాంక్స్. కానీ బాబు బొమ్మ నోట్లో పెట్టుకుంటాడన్న దానికి ఒక్కరూ జవాబివ్వలేదు.

చిన్నిపాదం
నేను చెబుతానండీ, మా పాప కూడా ఇంతే. నోట్లోకి వెళ్లే బొమ్మకి సాల్వెంట్ ఉన్న స్ప్రే వద్దే వద్దు. నూనెకి నురగరాజు గారు చెప్పిన గిన్నెల లిక్విడ్ చాలు. ఎంజైమ్ ఉన్నవి రక్తం, పాలు, కక్కు లాంటి వాటికి బాగుంటాయి. ప్రోటియేజ్ అనే ఎంజైమ్ ప్రొటీన్‌ని ముక్కలు చేస్తుంది, పాలిస్టర్ జోలికి పోదు. కానీ ఎంజైమ్ తుంపర పీల్చితే కొందరికి అలర్జీ వస్తుంది. స్ప్రే చేయకుండా గుడ్డ మీద పోసి అద్దండి, పిల్లలు పక్కన లేనప్పుడు.
అసలు భయం మరక మందు కంటే బొమ్మ లోపల మిగిలిపోయేదాని గురించి. దూది నురగను పట్టుకుని వదలదు. లిక్విడ్ క్లీనర్లలో నిల్వ కోసం వేసే మిథైల్ ఐసోథయాజోలినోన్ కొందరి చర్మానికి పడదు. పిండితే నురగ రానంతవరకు మంచినీళ్లలో జాడించండి. లోపల బ్యాటరీ ఉంటే ముంచకుండా పైపైన తడిగుడ్డతోనే. తర్వాత లోపలి దూది కూడా ఆరాలి, లేకపోతే బూజు పడుతుంది.

నురగరాజు
నా మాట నిలబెట్టారు! లిక్విడ్ మాత్రం ఒక చుక్కే, ఎక్కువ వేస్తే జాడించలేక చస్తారు.

కుట్టుమిషను
బొమ్మ కుట్లు ముందు చూడండి. కన్ను వదులుగా ఉంటే ఉతకడానికి ముందే కుట్టేయండి, ఉతుకులో ఊడితే అది నేరుగా పిల్లాడి నోట్లోకే.

వెన్నెలవాన
బొమ్మ శుభ్రమైంది, కన్ను కూడా కుట్టాను. సోఫా ట్యాగ్ మీద డబ్ల్యూఎస్ ఉంది. ఆల్కహాల్‌తో ఇంకు దాదాపు పోయింది, కానీ చుట్టూ ఉంగరంలా ఒక గీత తేలింది. ఆ చోట బొచ్చు కూడా అణిగిపోయింది. ఇప్పుడేం చేయాలి?

రంగులగిన్నె
రంగు ఊడలేదు, కంగారు పడకండి. తడి అంచుదాకా పాకి, ఆరేటప్పుడు మిగిలిన ఇంకునీ మట్టినీ అక్కడే దించేసింది. డబ్ల్యూఎస్ కాబట్టి నీళ్లు వాడొచ్చు. ఆ మచ్చ ఒక్కటే తడపకుండా, కుట్టు నుంచి కుట్టు దాకా ఆ ముక్క మొత్తం పల్చగా తడపండి, పొడి తెల్ల గుడ్డతో ఒత్తండి, ఫ్యాన్ గాలికి సమంగా ఆరనివ్వండి. హెయిర్ డ్రయ్యర్ వేడి పెట్టొద్దు, ఆ వేడికి అణిగిన బొచ్చు అలాగే గట్టిపడుతుంది. సగం ఆరాక మెత్తటి బ్రష్‌తో బొచ్చు వాలిన దిక్కుకి దువ్వండి.