ఐదు అచ్చులూ ఉన్న ఇంగ్లిష్ పదాలను వెతికే పద్ధతి ఏమిటి?

తెనాలి తండ్రి:
ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయికి బడిలో ఒక పని ఇచ్చారు. ఎ, ఇ, ఐ, ఓ, యు – ఈ ఐదు అక్షరాలూ ఉన్న ఇంగ్లిష్ పదాలు పది రాసుకురావాలి. ఏ వరుసలో ఉన్నా ఫరవాలేదట. ‘ఎడ్యుకేషన్’ అందరికీ తెలిసిందే, అది రాశాం. ఆ తర్వాత గంటసేపు కూర్చున్నా రెండోది తట్టలేదు. పదాలు వెతికిపెట్టే ఒక వెబ్‌సైట్‌లో ఐదు అక్షరాలూ కొడితే పొట్టి పొట్టి ముక్కలేవో ఇచ్చింది. ‘పాపులేషన్’, ‘రివల్యూషన్’ సరిపోతాయా? జవాబులు వద్దు, వెతికే దారి చెప్పండి. వచ్చే వారం ఇంకో ఐదు అక్షరాలు ఇస్తారేమోనని భయంగా ఉంది.

విశ్రాంత ఇంగ్లిష్ మాస్టారు:
రెండూ సరిపోవండీ. పాపులేషన్‌లో ఇ లేదు, రివల్యూషన్‌లో ఎ లేదు. ‘లే’ అని వినగానే అక్కడ ఇ ఉందనిపిస్తుంది, ఉన్నది ఎ. ‘షన్’ అనగానే ఎ ఉందనిపిస్తుంది, ఉన్నవి ఐ, ఓ. తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి పదాన్ని చెవితో వెతకడం మనకు అలవాటు. ఇంగ్లిష్ పదాన్ని కాగితం మీద రాసుకుని కంటితో చూడాలి.

ఇక దారి. పదాన్ని తోక దగ్గర పట్టుకోండి. ఎడ్యుకేషన్ చివర ఎ-టి-ఐ-ఓ-ఎన్ ఉంది కదా, ఆ తోకలోనే మూడు అచ్చులు వచ్చేశాయి. ముందు భాగంలో ఇ, యు దొరికితే చాలు. రెగ్యులేషన్, రెప్యుటేషన్ అలాంటివే. ప్రభుత్వ ఉద్యోగుల ఇళ్లలో రోజూ వినిపించే డెప్యుటేషన్ కూడా అంతే. రెండో తోక ఐ-ఓ-యు-ఎస్. దీనికి ముందు ఎ, ఇ కావాలి: టెనేషియస్, ప్రికేరియస్, గ్రిగేరియస్, నెఫేరియస్. జవాబులు వద్దన్నారు గానీ, ఉదాహరణ ఇవ్వకుండా పాఠం చెప్పడం నాకు చేతకాదు.

ఈ తోక ఉన్న ‘ఫెసీషియస్’లో మరో తమాషా ఉంది. అచ్చులు ఐదూ వర్ణమాల క్రమంలోనే వస్తాయి. చివర ఎల్-వై చేర్చితే వై కూడా తన వరుసలో వచ్చి కూర్చుంటుంది. తిరగేసిన వరుస కావాలంటే మన ఉపఖండమే ఉంది: సబ్‌కాంటినెంటల్. యు, ఓ, ఐ, ఇ, ఎ.

కంప్యూటర్ ఉద్యోగి:
ఆ వెబ్‌సైట్ తప్పు చేయలేదు, దాన్ని అడిగిన ప్రశ్నే వేరు. ఇచ్చిన అక్షరాలతో మాత్రమే పదాలు కట్టడం ఒక ప్రశ్న. స్క్రాబుల్ ఆడేవారికి చేతిలోని ఏడు బిళ్లలతో కావలసింది అదే. ఇచ్చిన అక్షరాలన్నీ ఉండాలి, వేరేవి ఎన్ని ఉన్నా సరే అనేది ఇంకో ప్రశ్న. మీకు కావలసింది ఈ రెండోది. అలాంటి సైట్లలో ‘కలిగి ఉన్న’ అనే అర్థమిచ్చే గడి వేరుగా ఉందేమో చూడండి. అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి ఉండాలనే గడి కూడా కొన్నిచోట్ల ఉంటుంది, దాని జోలికి పోవద్దు.

సొంతంగా చేసుకోవాలంటే, పదాల జాబితా ఒకటి ఎక్సెల్‌లో మొదటి నిలువు వరుసలో పెట్టండి. పక్క గడిలో సెర్చ్ ఫంక్షన్‌కు ఐదు అక్షరాలనూ ఫ్లవర్ బ్రాకెట్లలో, ఒక్కోదానికీ కొటేషన్ గుర్తులు పెట్టి ఇవ్వండి, ఆ తర్వాత పదం ఉన్న గడిని చూపించండి. మొత్తాన్నీ కౌంట్ ఫంక్షన్‌లో ఉంచండి. 5 వచ్చిన పదాలే మీకు కావలసినవి. సెర్చ్ బదులు ఫైండ్ వాడితే పెద్ద, చిన్న అక్షరాలను వేరువేరుగా చూస్తుంది, జాగ్రత్త.

మ్యాక్ ఉంటే జాబితా కోసం కూడా తిరగనక్కర్లేదు. 1934 నాటి వెబ్‌స్టర్ నిఘంటువు నుంచి తీసిన 2,30,000కు పైగా పదాల ఫైలు అందులోనే ఉంటుంది. గ్రెప్ ఆదేశంతో ముందు ఎ ఉన్నవి తీసి, వాటిలో ఇ ఉన్నవి, వాటిలో ఐ ఉన్నవి – ఇలా ఐదు జల్లెడలు పట్టడమే. అయితే మాస్టార్లు కూడా వినని పాత పదాలు కుప్పలుగా వస్తాయి. పిల్ల రాసుకెళ్లే పదానికి అర్థం అడిగితే చెప్పగలగాలి కదా.

డాలస్ నుంచి ఒక తల్లి:
ఒక చిన్న మాట. ‘బిహేవియర్’, ‘ఫేవరెట్’ మీ అమ్మాయి రాయవచ్చు, బ్రిటిష్ పద్ధతిలో వాటిలో యు ఉంటుంది. ఇక్కడ మా అబ్బాయి రాస్తే కొట్టేస్తారు, అమెరికాలో ఆ యు తీసేశారు.

తెనాలి తండ్రి:
అందరికీ ధన్యవాదాలు. తోకల పద్ధతి మా అమ్మాయికి బాగా నచ్చింది. మాస్టారు చెప్పినవి రాయనని పంతం పట్టి, ఇంట్లో వినిపించే ప్రతి ఇంగ్లిష్ మాటనూ కాగితం మీద పెట్టి చూసింది. వంటింట్లో కాలీఫ్లవర్ దొరికింది. టీవీలో డైలాగ్ దొరికింది, చివరి యు, ఇ పలకవు గానీ రాతలో ఉన్నాయి. వీధి చివర మెకానిక్ షెడ్డు బోర్డు మీద ఆటోమొబైల్ ఉంది. అందులో ఓ రెండుసార్లు వస్తుంది, ఒక్కో అచ్చు ఒక్కసారే ఉండాలని బడిలో చెప్పలేదు కాబట్టి ఉంచేశాం. పదోది న్యుమోనియా. మొదట పి ఉందని చూపిస్తే, “పలకని అక్షరం రాయడం ఎందుకు నాన్నా?” అంది. మాస్టారూ, దీనికేం చెప్పమంటారు?

విశ్రాంత ఇంగ్లిష్ మాస్టారు:
అది గ్రీకు మాట. గ్రీకులు ఆ పి పలికేవారు. ఇంగ్లిష్ వాళ్లు పలకడం మానేశారు గానీ రాయడం మానలేదని చెప్పండి.