టీమ్ బాండింగ్‌కి బడ్జెట్ ఇచ్చారు, టీమ్ మాత్రం ఆటలు వద్దంటోంది. ఏం చేయమంటారు?

కొత్త_లీడ్:

అందరికీ నమస్తే. కస్టమర్ సపోర్ట్ టీమ్‌కి ఈమధ్యే లీడ్ అయ్యాను. మొత్తం పన్నెండు మందిమి, రెండు షిఫ్టులు. సగం మంది ఆఫీసుకి వస్తారు, మిగతావాళ్లు ఇంటి నుంచి పని చేస్తారు. ఈసారి ఎంగేజ్‌మెంట్ సర్వేలో (ఉద్యోగులు పనితో, సంస్థతో ఎంత మమేకమయ్యారో చూసే సర్వే) మా టీమ్ స్కోరు అందరికంటే కింద ఉంది. "మీవాళ్ల మధ్య బాండింగ్ లేదు, ఏదైనా ప్లాన్ చేయండి" అని హెచ్‌ఆర్ వాళ్లు కొంత డబ్బు కేటాయించారు.

పాత లీడ్ ఉన్నప్పుడు ఒక శనివారం అందర్నీ తీసుకెళ్లి రోజంతా ఆటలు ఆడించారు. బాగానే నవ్వుకున్నాం. సోమవారం డ్యూటీకి వచ్చేసరికి పగటి షిఫ్టుకీ రాత్రి షిఫ్టుకీ టికెట్ల (నమోదైన కస్టమర్ల సమస్యల) మీద మళ్లీ అదే గొడవ. "మీరు సగంలో వదిలేసిన టికెట్లన్నీ మా నెత్తిన పడుతున్నాయి" అని వీళ్లు, "కష్టమైనవన్నీ మాకే మిగులుస్తారు" అని వాళ్లు. ఇప్పుడు ఇంకో ఈవెంట్ పెడదామా అని గ్రూపులో అడిగితే ఒక్కరే జవాబిచ్చారు. అదీ "రావడం తప్పనిసరా?" అని.

వీళ్లంతా పని బాగా తెలిసినవాళ్లు. ఒకరి మీద ఒకరు చిరాకు పడుతూ రోజులు గడపడం చూడలేకపోతున్నాను. మీ టీముల్లో నిజంగా పనిచేసినవి ఏవైనా ఉంటే చెప్పండి.

ఇంటినుంచే_పని:

రిమోట్‌లో ఉండేవాళ్ల తరఫున ఒక్క మాట. మీటింగ్ రూమ్‌లో ఆరుగురు ఒకే కెమెరా ముందు కూర్చుని మాట్లాడుకుంటుంటే మాకు సగం మాటలు వినపడవు. వాళ్లు ఎందుకు నవ్వారో కూడా తెలియదు. మా లీడ్ ఒక పద్ధతి పెట్టారు. ఒక్కరు రిమోట్‌లో ఉన్నా సరే, అందరూ ఎవరి ల్యాప్‌టాప్ నుంచి వాళ్లు చేరాలి. సీట్ల దగ్గర మాట్లాడుకుని ఏదైనా నిర్ణయిస్తే, అది ఎందుకు అనుకున్నారో కూడా కలిపి వెంటనే చాట్‌లో రాయాలి. ఖర్చేమీ లేదు. నేను కూడా ఈ టీమ్ మనిషినే అని నాకు అనిపించింది ఆ తర్వాతే.

వీడియో కాల్‌లో ఆటలు మాత్రం దయచేసి పెట్టకండి. రోజంతా హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్లకి ఇంకో గంట కాల్ అంటే శిక్షే.

నైట్‌షిఫ్ట్_పాతకాపు:

కొత్త_లీడ్ గారూ, మీ పోస్టులో సర్వే స్కోరు కంటే ఆ సోమవారం గొడవ ముఖ్యమైనదని నా అభిప్రాయం. అక్కడి నుంచే మొదలుపెట్టండి.

నేను చాలా ఏళ్లు రాత్రి షిఫ్టు సపోర్ట్ టీములు నడిపాను. కలిసి ఆడినంత మాత్రాన మనుషులు దగ్గరవడం నేను పెద్దగా చూడలేదు. ఒకరి పని ఇంకొకరికి అక్కరకు వచ్చినప్పుడు దగ్గరవుతారు. 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశారు. వేసవి శిబిరానికి వచ్చిన 22 మంది పిల్లల్ని రెండు గుంపులు చేసి పోటీలు పెడితే ఆ గుంపులకి ఒకరికొకరికి పడకుండా పోయింది. తర్వాత కలిపి సినిమా చూపించారు, ఒకేచోట భోజనాలు పెట్టారు. భోజనాల దగ్గరే తిండి విసురుకున్నారు. శిబిరానికి నీళ్లు ఆగిపోయి అందరూ కలిసి కారణం వెతకాల్సి వచ్చినప్పుడు, ఆగిపోయిన ట్రక్కును కలిసి లాగాల్సి వచ్చినప్పుడు మెల్లగా మారారు. ప్రయోగం చేసిన తీరు మీద విమర్శలు ఉన్నాయి, పిల్లల మీద అలా చేయడం నాకూ నచ్చదు. కానీ మీ శనివారం ఆటలకీ, సోమవారం గొడవకీ మధ్య జరిగింది ఇలాంటిదే.

మీ రెండు షిఫ్టులకీ ఉమ్మడిగా ఉన్నది టికెట్లే కాబట్టి హ్యాండోవర్, అంటే ఒక షిఫ్టు ఇంకో షిఫ్టుకి పని అప్పగించే తీరు, బాగుచేయండి. మేము షిఫ్టు వేళల్ని కొంచెం జరిపి, పావుగంట ఇద్దరూ ఉండేలా చేశాం. అది పనిగంటల్లో భాగం, ఎవరి సొంత సమయమూ కాదు. వెళ్లేవాళ్లు తెరిచి ఉన్న ప్రతి టికెట్ గురించి కస్టమర్‌కి ఏం మాట ఇచ్చాం, ఇప్పటిదాకా ఏం ప్రయత్నించాం, ఇక చేయాల్సింది ఏమిటి అని నోటితో చెప్పాలి. దాంతోపాటు రాసిచ్చే నోట్స్‌కి నమూనా మాత్రం పని అందుకునేవాళ్లే తయారుచేయాలి. ఇది చాలా ముఖ్యం. లీడ్ తయారుచేసి ఇస్తే ఇంకో ఫారం అనుకుని ఖాళీలు నింపేసి పోతారు. అలాగే ఇష్టపడినవాళ్లు ఒక్కొక్కరు ఒక వారం అవతలి షిఫ్టులో పనిచేశారు. రాత్రి రెండు గంటలకు ఇంజినీరింగ్ వాళ్లెవరూ దొరకరని, అందుకే కొన్ని టికెట్లు తెల్లారేదాకా ఆగుతాయని పగటివాళ్లకి అప్పుడు తెలిసింది. తర్వాత్తర్వాత "మీరు వదిలేశారు" అనే మాట పోయి, "నిన్నటి కస్టమర్ సంగతి ఏమైంది?" అని వాకబు చేయడం మొదలైంది. ఆ ప్రశ్న విన్న రోజు నాకు చాలా సంతోషం వేసింది.

రెండో విషయం. సర్వే ఫలితాలు టీమ్‌కి చూపించారా? చూపించకపోతే ఈ వారమే చూపించండి. సర్వేలు చేసే గాలప్ సంస్థ ఉద్యోగుల కోసం పెట్టిన 12 ప్రశ్నల సర్వేలో మొదటిది, నా నుంచి ఏం ఆశిస్తున్నారో నాకు తెలుసా అని. రెండోది, పని సరిగ్గా చేయడానికి కావలసిన సామాన్లు నా దగ్గర ఉన్నాయా అని. స్నేహాల గురించి అడిగే ప్రశ్న చాలా తర్వాత వస్తుంది. ఈ మొదటి రెండింటిలోనే కింద పడిన టీమ్‌కి ఆటలు పెడితే కోపం వస్తుంది, రావడం న్యాయం కూడా. ఒకప్పుడు మా దగ్గర పెద్ద సమస్య హెడ్‌సెట్లు. కాల్ మధ్యలో గొంతు తెగిపోయేది, తిట్లు మావాళ్లు తినేవాళ్లు. బాండింగ్ డబ్బును వాటికి వాడుకోనివ్వమని పైవాళ్లని అడిగాను, ఒప్పుకున్నారు. తమ గురించి ఎవరో పట్టించుకున్నారన్న నమ్మకం మావాళ్లకి కలిగింది ఆ హెడ్‌సెట్ల వల్లే.

ఇంకొకటి, ప్రతివారం ఒక అరగంట "ఈ వారం మీ పనికి అడ్డుపడింది ఏమిటి?" అని అడగండి. వచ్చినవాటిలో ఒక్కటి తీసుకోండి. వచ్చే వారానికి అది సరిచేయాలి, లేదా ఎందుకు కాలేదో వాళ్లకి చెప్పాలి. ఇక్కడ తప్పు ఒప్పుకున్నవాళ్ల మీద విసుక్కోకండి. ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు అధ్యయనం చేస్తే, మంచి టీముల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదై కనిపించాయి. అక్కడివాళ్లు భయం లేకుండా బయటికి చెప్పగలగడమే దానికి కారణమని ఆమె తేల్చారు. మీ దగ్గర మొదట్లో ఫిర్యాదులు పెరిగితే కంగారు పడకండి, హెచ్‌ఆర్‌కి కూడా ముందే చెప్పి ఉంచండి.

హెచ్‌ఆర్_వైపునుంచి:

పైన చెప్పినవాటిలో చాలావరకు ఒప్పుకుంటాను. అయితే ఈవెంట్లు పూర్తిగా మానేయాలని అనను. అగ్నిమాపక దళాల మీద కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. కలిసి భోంచేసే దళాలు పనిలో కూడా మెరుగ్గా ఉన్నట్టు అందులో తేలింది. అయితే వాళ్లకి అది ఏడాదికోసారి వచ్చే పండగ కాదు, డ్యూటీలో భాగం. మీ డబ్బును ఒక పెద్ద రోజు మీద పెట్టకుండా, హ్యాండోవర్ సమయంలో నెలనెలా కలిసి తినడానికి వాడండి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఆఫీసుకి రావడానికి అయ్యే ఖర్చు కూడా అందులోంచే ఇవ్వండి.

ఏది పెట్టినా పనిగంటల్లోనే పెట్టండి. రాత్రి షిఫ్టువాళ్లని నిద్ర మానుకుని రమ్మనకండి. రానివాళ్లని కారణం అడగకండి. ఇంట్లో చిన్నపిల్లలో, మంచం పట్టిన పెద్దవాళ్లో ఉన్నవాళ్లు ఆ సంగతి పదిమందిలో చెప్పుకోవాల్సిన పరిస్థితి రాకూడదు.

కొత్త_లీడ్:

చాలా థాంక్స్ అండి. సర్వే ఫలితాలు నిజంగానే టీమ్‌కి ఎవరూ చూపించలేదు, రేపు చూపిస్తాను. ఒక సందేహం. టీమ్‌లో అందరికంటే సీనియర్ ఒకాయన ఉన్నారు. మీటింగుల్లో నోరు విప్పరు, దేనికీ రారు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ వెనక్కి తగ్గుతున్నారు. ఎలా కలుపుకోవాలి?

నైట్‌షిఫ్ట్_పాతకాపు:

మీటింగులో అందరి ముందూ అడగకండి. విడిగా కూర్చుని, "మీరు వచ్చాక ఇక్కడ ఏమేం మారింది, ఏది మారనేలేదు?" అని అడిగి వినండి. చెప్పినదానికి అక్కడికక్కడే సమాధానం ఇవ్వకండి, రాసుకోండి. అలాంటివాళ్లలో చాలామంది ఒకప్పుడు చెప్పీ చెప్పీ విసిగిపోయి ఊరుకున్నవాళ్లే. ఆయన చెప్పినవాటిలో మీ చేతిలో ఉన్నది ఒకటి చేసి చూపించి, ఆ తర్వాత హ్యాండోవర్ నోట్స్ తయారీకి సాయం అడగండి. ఆయన దగ్గర ఉన్న అనుభవం అక్కడే పనికొస్తుంది.

మాట్లాడే స్వభావం లేని మనిషి అయితే మాత్రం అలాగే ఉండనివ్వండి. టికెట్ సరిగ్గా అప్పగించి, అడిగినవాళ్లకి సాయం చేస్తుంటే ఆయన టీమ్‌తో ఉన్నట్టే.