భార్యను చంపిన భర్తకు ఉరిశిక్ష ఎందుకు పడదు?

ప్రశ్న:
భార్యను హత్య చేసినట్టు రుజువైనా భర్తకు సెషన్స్ కోర్టు యావజ్జీవ కారాగార శిక్షతో సరిపెట్టిందన్న వార్తలు తరచుగా చదువుతుంటాం. తనను నమ్మి కాపురం చేసిన మనిషి ప్రాణం తీసినవాడికి ఉరి వేయడానికి చట్టంలో అడ్డంకి ఏమైనా ఉందా, లేక ఇంట్లో జరిగిన హత్యను కోర్టులు చిన్న నేరంగా చూస్తున్నాయా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1:
అడ్డంకి ఏదీ లేదు. భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షన్ (2024 జూలై 1కి ముందు జరిగిన నేరాలకైతే ఐపీసీ 302) ప్రకారం హత్యకు మరణశిక్ష గానీ యావజ్జీవం గానీ విధించవచ్చు. చనిపోయింది భార్యా, పరాయి మనిషా అన్న తేడా అందులో లేదు. అయితే ఉరి విధించే జడ్జి అందుకు ప్రత్యేక కారణాలు రాయాలి, హైకోర్టు ధ్రువీకరించేదాకా ఆ శిక్ష అమలు కాదు. యావజ్జీవమే నియమమనీ, మరణశిక్ష అత్యంత అరుదైన కేసులకు మాత్రమే పరిమితమైన మినహాయింపనీ, నేరంతో పాటు నేరస్థుడి పరిస్థితులనూ తూచాలనీ 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ బచన్ సింగ్ అంతకుముందే భార్యను చంపి, జైలుశిక్ష పూర్తిచేసుకుని వచ్చినవాడు. ఉరిశిక్ష పడింది మాత్రం ఆ తర్వాత చేసిన మూడు హత్యలకు.

జవాబు 2:
పై వివరణ సరైనదే గానీ, ప్రశ్నలోని రెండో భాగం అలాగే మిగిలిపోయింది. మళ్లీ పెళ్లి చేసుకుని ఇంకోసారి కట్నం గుంజడం కోసమో, మరో స్త్రీపై మోజుతోనో భార్యను చంపడాన్నీ, తనను నమ్ముకున్న మనిషిని చంపడాన్నీ మరణశిక్షకు తగిన కోవలో సుప్రీంకోర్టు 1983 నాటి మచ్చీ సింగ్ తీర్పు చేర్చింది. ఆ లెక్కన ఇంటి హత్య మరింత తీవ్రమైనది కావాలి. కానీ భార్యను తుపాకీతో కాల్చి చంపి, శవాన్ని తందూరు పొయ్యిలో తగలబెట్టిన సుశీల్ శర్మకు 2013లో ఉరిని యావజ్జీవంగా మారుస్తూ, అతనికి పాత నేరచరిత్ర లేదన్న కారణంతో పాటు, ఇది చెడిన వ్యక్తిగత సంబంధం వల్ల జరిగిందే తప్ప సమాజంపై జరిగిన నేరం కాదని కూడా అదే కోర్టు రాసింది. మొదటి కారణాన్ని ఒప్పుకోవచ్చు. రెండోది, గృహహింసపై 2005లోనే ప్రత్యేక చట్టం చేసుకున్న దేశంలో నిలిచే మాట కాదు. అలాగని దీనికి మందు ఉరేనని నేను అనను.

ప్రశ్న అడిగినవారు:
యావజ్జీవం అంటే పద్నాలుగేళ్లకు బయటికి రావడమే కదండీ? జనం ఉరి కోరేది ఆ అనుమానంతోనేమో.

జవాబు 3:
యావజ్జీవం అంటే చట్టరీత్యా జీవితాంతమే. ఇలాంటి ఖైదీని 14 ఏళ్లు నిండకుండా శిక్ష తగ్గించి వదలరాదన్నది ప్రభుత్వానికి పెట్టిన హద్దు. అవి నిండగానే విడుదల కావడం ఖైదీకి హక్కు కాదు. పైగా, ఆస్తి కోసం భార్యను చంపి ఇంటి ఆవరణలోనే పూడ్చిన స్వామి శ్రద్ధానంద కేసులో 2008లో సుప్రీంకోర్టు ఉరిని తప్పించి, బతికున్నంతకాలం విడుదల చేయరాదని ఆదేశించింది. ఈ పద్ధతిని 2015లో రాజ్యాంగ ధర్మాసనం సమర్థిస్తూనే, ఆ అధికారం హైకోర్టుకూ సుప్రీంకోర్టుకూ తప్ప సెషన్స్ కోర్టుకు లేదని తేల్చింది. శిక్ష చాలదని అప్పీలు చేసే హక్కు ప్రభుత్వానిది కాబట్టి, మృతురాలి కుటుంబం పబ్లిక్ ప్రాసిక్యూటర్ ద్వారా అప్పీలు కోరేటప్పుడు, ఉరితో పాటు ఈ తరహా శిక్షను ప్రత్యామ్నాయంగా అడగమనడం మంచిది.