అప్‌డేట్: సీసం, మతిమరుపు, మూలికల సారాలు – మా తమ్ముడి సంగతి

విజయవాడ ఆటోనగర్‌లో సీసం ఉండే పాత బ్యాటరీలు విప్పే మా తమ్ముడికి తలనొప్పి, మతిమరుపు, చిరాకు ఎక్కువయ్యాయని, సరస్వతి ఆకు, పసుపు సారాలు మెదడును సీసం నుంచి కాపాడతాయా అని మూడు నెలల క్రితం ఇక్కడ అడిగాను. ముందు రక్తంలో సీసం పరీక్ష చేయించమన్న వారికి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.

డెసిలీటరుకు 46 మైక్రోగ్రాములు వచ్చింది. మెదడు స్కానింగు, బి12 మామూలుగానే ఉన్నాయి. ఆ ఖర్చు అనవసరమైంది. పసుపులో ఉండే కర్‌క్యుమిన్ ఎలుకల మెదడులో సీసం చేసే ఆక్సీకరణ నష్టాన్ని తగ్గించిన మాట నిజమేననీ, మనుషుల్లో అది చికిత్సగా రుజువు కాలేదనీ డాక్టరు చెప్పారు. తమ్ముడు వాడుతున్న బలం మాత్రల్లో నాగభస్మం ఉంది. నాగం అంటే సీసమే! అది చదివి నా గుండె ఝల్లుమంది. వెంటనే మాన్పించాం.

పనిచేసింది ఒకటే: సీసానికి దూరం కావడం. పని మారాడు. ఇప్పుడు 27. తలనొప్పి పోయింది, మరపు ఇంకా కొంత ఉంది. ఎముకల్లో చేరిన సీసం ఏళ్ల తరబడి మెల్లగా రక్తంలోకి వస్తుందట.

బ్యాటరీ పని చేసేవారి పిల్లలకూ పరీక్ష చేయించండి. మా తమ్ముడి పని బట్టల దుమ్ముతోనే కాబోలు, వాడి నాలుగేళ్ల పాపకు 7 వచ్చింది. వచ్చే నెల మళ్లీ చూపిస్తాం.